ఊద అనుకుని వరిని పీకే చేతులు

ఎల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో ఒకే జబ్బుతో పోయారు. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు. నోరు పూస్తుంది, నాలుక మీద కారం కాదు కదా ఉప్పు తగిలినా మంటే. నీళ్ళలా విరేచనాలు ఆగవు. మనిషి శుష్కించిపోతాడు. కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. ఇంగ్లీషు డాక్టర్లు దాన్ని స్ప్రూ అన్నారు, మన వైద్యులు గ్రహణి అన్నారు. ఏ పేరుతో పిలిచినా దానికి ఆ రోజుల్లో నికరమైన మందు లేదు. అది సుబ్బారావుని కూడా పట్టుకుంది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన మాత్రం లేచి కూర్చున్నారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదివారు కానీ ఆ చదువు కుదురుగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మద్రాసులో మూడో ప్రయత్నానికి గట్టెక్కింది. వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు శస్త్రచికిత్స ఆచార్యుడికి కోపం వచ్చింది. దాంతో ఎం.బి.బి.ఎస్. రావలసిన చేతికి ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ పట్టా వచ్చింది. మామగారి డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన మాట ఆసరాగా చేసుకుని 1920ల మొదట్లో బోస్టన్ చేరారు.

రోగనిరోధక కణాల గురించి రాస్తూ ఆయన దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. రక్తహీనత విషయంలో ఆయనా, ఆయన కాలపు వైద్యులందరూ వేసుకున్న ప్రశ్న ఒక్కటే: ఈ రక్తంలో ఏం లోపించింది? అది మంచి ప్రశ్నే. దానికి దొరికిన జవాబులు లక్షలమందిని బతికించాయి. కానీ కొన్ని జబ్బుల్లో ఆ ప్రశ్న సగం దారిలోనే ఆగిపోతుంది. అక్కడ అడగవలసింది, లోపించినదాన్ని తీసేస్తున్నది ఎవరు అని. ఆ తీసేసే చేతులు మన ఒంట్లోవే.

*

బోస్టన్ అప్పట్లో ఒక రక్తహీనతకి రాజధాని లాంటిది. 1849లో లండన్ వైద్యుడు థామస్ అడిసన్ వర్ణించిన ఆ జబ్బుకి తర్వాత పెర్నీషియస్ ఎనీమియా అని పేరు పడింది. ప్రాణాంతకమైన రక్తహీనత అని దాని అర్థం. అది వచ్చిన మనిషి నిమ్మపండు ఛాయలో పాలిపోయి, కాళ్ళు తిమ్మిరెక్కి, కొన్నేళ్ళకి చనిపోయేవాడు. 1926లో జార్జ్ మైనాట్, విలియం మర్ఫీ బోస్టన్‌లోనే ఒక వింత వైద్యం ప్రకటించారు. రోగి రోజూ పావుకిలో దాకా కార్జం తినాలి. తిన్నవాళ్ళు లేచి తిరిగారు. 1934లో ఆ ఇద్దరికీ, జార్జ్ విపుల్‌కీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

అదే ఊళ్ళో విలియం కాజిల్ అనే యువ వైద్యుడు ఇంకో మెట్టు కిందికి దిగి చూశాడు. ఆరోగ్యవంతుడు మామూలు మాంసం తిన్నా రక్తం పడుతుంది, ఈ రోగి అదే మాంసం తిన్నా ఎందుకు పట్టదు? ఆయన గొడ్డుమాంసం తిని, కాసేపు ఆగి, తన కడుపులోంచి దాన్ని బయటికి తీసి, గొట్టం ద్వారా రోగుల కడుపులోకి పంపాడు. వట్టి మాంసానికి కదలని రక్తం దీనికి కదిలింది. అంటే మంచి కడుపు ఏదో ఒక పదార్థాన్ని ఊరిస్తుంది, అది తోడుంటేనే ఆహారంలోని రక్తవర్ధకం పేగుల్లో లోపలికి వెళుతుంది. ఆ ఊటకి ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అని పేరు వచ్చింది. వైద్యచరిత్రలో ఇంత తెగువా ఇంత తేటదనమూ ఉన్న ప్రయోగాలు నాకు ఎక్కువగా కనబడవు.

సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి 1925లో కనిపెట్టారు. కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, తర్వాత కణాలన్నిటికీ చెల్లుబాటు నాణెమైన ఏటీపీని వెలికితీశారు. ఆ పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ పని పడుతుంది. తర్వాత ఆయన బెర్నార్డ్ జేకబ్‌సన్‌తో కలిసి కార్జం సారాన్ని విడగొట్టి, పెర్నీషియస్ ఎనీమియాని తగ్గించే పదార్థం కోసం వెతికారు. అది దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ సంస్థకి వెళ్ళాక ఆ వెతుకులాట ఇంకో పదార్థం దగ్గరికి చేర్చింది. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది. అంతకుముందే బొంబాయిలో లూసీ విల్స్ అనే వైద్యురాలు గర్భిణుల రక్తహీనతని మార్మైట్ అనే ఈస్టు ముద్దతో నయం చేసి, ఇలాంటి పదార్థం ఒకటి ఉందని చూపించి ఉన్నది. ఫోలిక్ యాసిడ్ ఇస్తే స్ప్రూ రోగుల నోటిపూత తగ్గింది, ఆకలి పుట్టింది, రక్తం పట్టింది. ఈనాటికీ స్ప్రూకి ఇచ్చేవి రెండు: ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. ఆ రెండో జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా సుబ్బారావు నడిపిన పరిశోధనశాలలో, బెంజమిన్ డుగ్గర్ చేతుల మీదుగా 1948లో బయటికి వచ్చింది. సోదరుల్ని తీసుకుపోయిన జబ్బుకి రెండు మందులూ ఒక్క గడపలోంచి వచ్చాయి.

పెర్నీషియస్ ఎనీమియా దగ్గర మాత్రం ఫోలిక్ యాసిడ్ ఒక మోసం చేసింది. ఇస్తే ఎర్ర రక్తకణాలు పెరిగేవి, ముఖంలో కళ వచ్చేది. నరాలు మాత్రం దెబ్బతింటూ పోయేవి. రోగి నడుస్తుంటే చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలిసేది కాదు. అసలు లోపం బి12 విటమిన్‌ది. దాన్ని 1948లో అమెరికాలోనూ ఇంగ్లండులోనూ విడివిడిగా స్ఫటికాలుగా తీశారు. అందుకే ఇప్పటికీ బి12 సంగతి తేల్చకుండా రక్తహీనత ఉన్నవాళ్ళకి ఒక్క ఫోలిక్ యాసిడ్‌తో సరిపెట్టడం ప్రమాదం. రక్తపరీక్ష బాగుందంటుంది, వెన్నుపాము పాడవుతూ ఉంటుంది.

బి12 దొరికింది, సూది మందు వచ్చింది, రోగి బతికాడు. ఇంతటితో కథ అయిపోయిందనే చాలామంది అనుకున్నారు. కడుపు ఆ ఊటని ఎందుకు ఆపేసింది అన్న ప్రశ్న మిగిలిపోయింది. 1960ల మొదట్లో ఈ రోగుల రక్తంలో ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌కే అతుక్కునే యాంటీబాడీలు కనిపించాయి. తర్వాత కడుపు గోడని సూక్ష్మదర్శినిలో చూస్తే, ఆమ్లాన్నీ ఈ ఊటనీ కూడా ఊరించే కణాల చుట్టూ తెల్ల రక్తకణాలు మూగి ఉన్నాయి. ఊరించే కణాల్లో ఆమ్లాన్ని తోడే పంపు ఒకటి ఉంటుంది. టి-కణాలనే తెల్లకణాలు ఆ పంపుని శత్రువుగా గుర్తుపట్టి దాడి చేస్తున్నాయి. ఊరించే కణాలు చచ్చాక ఊట ఎండిపోయింది, ఊట లేక బి12 లోపలికి రాలేదు. మైనాట్, మర్ఫీ, సుబ్బారావు వెతికిన లోటు నిజమే. ఆ లోటుని సృష్టించినది మాత్రం రోగి సొంత సైన్యం.

*

ఈ పొరపాటు ఎలా జరుగుతుందో చెప్పడానికి నాకు పొలం గట్టుకి మించిన చోటు దొరకలేదు.

నాట్లు వేసిన కొన్నాళ్ళకి చేలో వరితోపాటు ఊద లేస్తుంది. లేతగా ఉన్నప్పుడు రెండూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. అనుభవం ఉన్న మనిషి ఆకు కాడని వేలితో తడిమి చూస్తుంది. వరికి అక్కడ చిన్న నాలుకలాంటి పొర ఉంటుంది, ఊదకి ఉండదు. కొత్తగా కలుపుకి వచ్చిన పిల్ల ఆ తేడా పట్టలేక వరిని కూడా పీకేస్తుంది. కలుపు తీసే మనిషి మొక్క మొత్తాన్ని చూడదు, ఆనవాలు చూస్తుంది.

రోగనిరోధక కణాలు చేసేదీ అదే. అవి సూక్ష్మజీవి మొత్తాన్ని ఎప్పుడూ చూడవు. దాని మీది ప్రోటీనులో ఒక చిన్న తునకని, ఒక ఆకారాన్ని తడుముతాయి. పుట్టబోయే శత్రువు ఎలా ఉంటాడో ముందుగా తెలియదు కాబట్టి, శరీరం కోట్ల రకాల ఆకారాలని పట్టే కణాలని గుడ్డిగా తయారుచేసి పెట్టుకుంటుంది. గుడ్డిగా చేసినప్పుడు వాటిలో కొన్ని సొంత ఒంటినే పట్టేవి ఉండక తప్పదు.

అందుకని ఏరివేత ఉంది. రొమ్ము ఎముక వెనక, గుండెకి పైన, థైమస్ అనే గ్రంథి ఉంటుంది. టి-కణాలు ఎముక మూలుగలో పుట్టి అక్కడికి వస్తాయి. చేటలో పోసి చెరిగినట్టు థైమస్ వాటిని పరీక్షిస్తుంది. దేన్నీ పట్టలేనివి తాలులా ఎగిరిపోతాయి. సొంత ప్రోటీనుని గట్టిగా పట్టేవి అక్కడే చచ్చిపోతాయి. లోపలికి వచ్చినవాటిలో నూటికి తొంభైకి పైగా బయటికి రావు. బి-కణాలకి ఇలాంటి వడపోత మూలుగలోనే జరుగుతుంది. అవి తర్వాత యాంటీబాడీలని తయారుచేస్తాయి.

ఎంత చెరిగినా చేటలో నాలుగు రాళ్ళు మిగులుతాయి. ఆరోగ్యంగా ఉన్న ప్రతి మనిషి రక్తంలోనూ సొంత ఒంటిని పట్టగల టి-కణాలు కొన్ని తిరుగుతూనే ఉంటాయి. మరి అందరికీ జబ్బు ఎందుకు రాదు? జపాన్ పరిశోధకుడు షిమోన్ సకగుచి 1995లో దీనికి ఒక జవాబు చూపించారు. టి-కణాల్లోనే ఒక తెగ మిగతావాటిని అదుపులో పెడుతుంది. కలుపు ముఠాకి మేస్త్రి లాంటివి అవి. అది ఊద కాదమ్మా, వరి, వదిలెయ్యి అని చేయి పట్టుకుని ఆపుతాయి. ఈ మేస్త్రి కణాలని తయారుచేసే జన్యువు ఫాక్స్‌పీ3ని అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ కనుక్కున్నారు. ఆ జన్యువు చెడి పుట్టిన మగపిల్లల్లో పేగులూ చర్మమూ రక్తకణాలూ అన్నీ సొంత దాడికి గురవుతాయి. ఈ ముగ్గురికీ 2025లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది.

శరీరం తన మీద తాను దాడి చేసుకోవడం జరగని పని అని ఒకప్పుడు శాస్త్రజ్ఞులే నమ్మారు. జర్మనీలో పాల్ ఎర్లిక్ 1901లో ప్రకృతి అటువంటి ఘోరానికి ఒప్పుకోదని అన్నారు. మూడేళ్ళకే, 1904లో, వియన్నాలో డోనత్, లాండ్‌స్టైనర్ ఒక జబ్బుని విప్పి చూపించారు. చలి తగిలితే చాలు మూత్రం నల్లగా వచ్చే రోగుల రక్తంలో, తమ ఎర్రకణాలనే పగలగొట్టే యాంటీబాడీ ఉన్నది. రక్తపు గ్రూపులని కనిపెట్టినది కూడా ఆ లాండ్‌స్టైనరే. అయినా ఎర్లిక్ మాట బరువు చాలా ఏళ్ళు ఆ నిజాన్ని అణిచి ఉంచింది.

*

కళ్ళు పచ్చబడితే మన వైపు మొదట గుర్తొచ్చేది పసరు. ఎవరో ఒకరు ఫలానా ఊళ్ళో వారం వారం పోస్తారని చెబుతారు, ఇంటిల్లిపాదీ పథ్యం మొదలుపెడతారు. చాలాసార్లు అది కాలేయానికి వచ్చిన వైరస్ కామెర్లే అయి, దానంతట అదే తగ్గుతుంది, పేరు పసరుకి వస్తుంది. కానీ కళ్ళు పచ్చబడిన ప్రతి మనిషికీ కాలేయమే చెడిపోయి ఉండదు. ఎర్రకణాలు లెక్కకి మించి చచ్చిపోతున్నప్పుడు వాటిలోని రంగు విరిగి, ఆ పసుపే కళ్ళలోకి వస్తుంది. పచ్చదనంతోపాటు నాలుగు మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, ముఖం పాలిపోవడం ఉంటే రక్తం చూపించుకోవాలి. పసరు కోసం తిరిగే మూడు వారాలు ఎర్రకణాలు ఇలా చచ్చే జబ్బులో ప్రాణం తీయగలవు.

మామూలుగా ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు. మూలుగ సెకనుకి సుమారు 20 లక్షల కణాలని తయారుచేసి పోయినవాటి చోటు నింపుతుంది. సొంత సైన్యమే ఎర్రకణాలని చంపే ఆటోఇమ్యూన్ హీమోలిటిక్ ఎనీమియాలో ఆ ఆయుష్షు కొద్ది రోజులకి పడిపోతుంది. చంపేది యాంటీబాడీ అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ కేసుల్లో యాంటీబాడీ చేసేది బొట్టు పెట్టడం వరకే. బి-కణాల సంతతి ఎర్రకణం మీద బొట్టు పెట్టి వదిలేస్తుంది. చంపే పని ప్లీహంలో జరుగుతుంది.

చలిజ్వరాల కాలంలో మన పెద్దవాళ్ళు పొట్టలో బల్ల పెరిగిందనేవారు, ఆ బల్లే ప్లీహం. ఎడమ పక్కటెముకల కింద ఉంటుంది. దానిలో సన్నని సందులుంటాయి, వలకన్నుల్లాగా. ఎర్రకణం నడుమ నొక్కిన మెత్తని బిళ్ళ. కన్ను ఎంత చిన్నదైనా ఒంగి, సాగి, జారిపోగలదు. అక్కడ మాక్రోఫేజ్‌లనే భక్షక కణాలు కాపలా ఉంటాయి. వాటి ఒంటి నిండా యాంటీబాడీ తోకని పట్టుకునే కొక్కేలు. బొట్టున్న కణం దొరకగానే కొన్నిటిని పూర్తిగా మింగేస్తాయి, కొన్నిటి పైపొరని కొరికి వదులుతాయి. పొర పోయిన కణం బిళ్ళలా ఉండలేదు, గోళీలా గుండ్రమవుతుంది. గోళీ వలకన్నులో ఇరుక్కుంటుంది. తిరిగి వచ్చిన ఆ కణాన్ని రెండోసారి వదలరు. రక్తపు చుక్కని గాజుపలక మీద పరిచి చూసే డాక్టరుకి ఈ గోళీలు కనబడితే అనుమానం మొదలవుతుంది.

అనుమానాన్ని తేల్చే పరీక్ష పేరు కూంబ్స్ పరీక్ష. 1945లో కేంబ్రిడ్జ్‌లో రాబిన్ కూంబ్స్, ఆయన సహచరులు దీన్ని రూపొందించారు. మనిషి యాంటీబాడీలని పట్టే యాంటీబాడీని కుందేలులో పుట్టించి, దాన్ని రోగి ఎర్రకణాల మీద వేస్తారు. బొట్టు ఉంటే కణాలు ముద్దలు కడతాయి. ఇంత సులువైన పరీక్ష జిల్లా కేంద్రాల్లో ఏ పెద్ద రక్తపరీక్షల కేంద్రంలోనైనా చేస్తారు. దాన్ని అడగాలని తోచడమే ముఖ్యం.

వైద్యంలో మొదటి మందు స్టెరాయిడ్. అది ప్లీహంలోని భక్షక కణాల ఆకలిని తగ్గిస్తుంది, తర్వాత బి-కణాల జోరుని. దానితోపాటు డాక్టరు దాదాపు ప్రతి చీటీలోనూ ఇంకో చిన్న మాత్ర రాస్తాడు, ఫోలిక్ యాసిడ్. పోతున్న కణాల చోటు నింపడానికి మూలుగ ఆరేడు రెట్లు వేగంగా పనిచేస్తుంటే, ఒంట్లో నిల్వ ఉన్న ఫోలిక్ యాసిడ్ త్వరగా ఖర్చయిపోతుంది. దాడిని ఆపే మందు ఒక పక్క, దాడికి గురైనవాళ్ళకి బియ్యం పంపే మందు ఒక పక్క. ఆ బియ్యం బస్తా మీద భీమవరం ముద్ర ఉందని రోగికి తెలియదు.

*

వానాకాలం వెళుతూ వెళుతూ డెల్టాకి డెంగ్యూని ఇచ్చిపోతుంది. ఆ నెలల్లో ప్రతి ఇంట్లోనూ వినబడే మాట ప్లేట్‌లెట్లు. లక్షన్నర ఉండాలట, అరవై వేలకి పడ్డాయట, బొప్పాయి ఆకు రసం ఇచ్చారట. డెంగ్యూలో పడిన ప్లేట్‌లెట్లు చాలామందిలో కొద్ది రోజుల్లో వాటంతట అవే లేస్తాయి. అందుకే ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే మనకి డెంగ్యూ తప్ప వేరే ఆలోచన రాదు.

వేరేది ఉంది. పిల్లవాడికి జ్వరం లేదు. రెండు మూడు వారాల కింద జలుబో విషజ్వరమో వచ్చి తగ్గింది. ఉన్నట్టుండి కాళ్ళ మీద సూదిమొన అంత ఎర్రని చుక్కలు, దెబ్బ తగలకుండానే నీలపు మచ్చలు, పళ్ళు తోముకుంటే నెత్తురు. పరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు పది పన్నెండు వేలు. దీని పేరు ఐటీపీ. పిల్లల్లో ఎక్కువమందికి ఆరు నెలల్లోపు తగ్గిపోతుంది, పెద్దవాళ్ళలో ఏళ్ళ తరబడి ఉండిపోయేది ఎక్కువ.

1916లో ప్రాగ్ నగరంలో పాల్ కాజ్నెల్‌సన్ అనే వైద్య విద్యార్థి, ఇటువంటి రోగికి ప్లీహం తీసేసి చూద్దామని తన ఆచార్యుడికి సూచించాడు. తీశారు. ప్లేట్‌లెట్లు ఒక్కసారిగా పెరిగాయి. అంటే అవి తయారవక కాదు, ప్లీహంలో చస్తున్నాయన్నది ఆ కుర్రవాడి ఊహ. ఆ ఊహ ఇంకొకరి ప్రాణం మీద రుజువయ్యింది. అమెరికా సెయింట్ లూయిస్‌లో విలియం హారింగ్టన్ అనే యువ వైద్యుడు 1950లో ఐటీపీ రోగి రక్తాన్ని 500 మిల్లీలీటర్లు తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. కొద్ది గంటల్లోనే ఆయన ప్లేట్‌లెట్లు పది వేల లోపుకి పడిపోయాయి. ఒళ్ళంతా చుక్కలు పొడిచాయి, మూర్ఛ వచ్చింది. అయిదారు రోజులకి కోలుకున్నాడు. రోగి రక్తరసంలో ప్లేట్‌లెట్లని చంపే పదార్థమేదో ఉందని ఇంతకన్నా గట్టిగా చెప్పలేరు. ఇప్పుడు ఏ నైతిక సంఘమూ ఒప్పుకోని ప్రయోగం అది. ఆయన ఆ రోజు చనిపోయి ఉంటే మనం ఇంకోలా మాట్లాడుకునేవాళ్ళం.

ఆ పదార్థం యాంటీబాడీ అని తర్వాత తేలింది. కానీ అక్కడ ఆగితే మళ్ళీ సగం జవాబే. కొందరు ఐటీపీ రోగుల్లో యాంటీబాడీ ఎంత వెతికినా దొరకదు. వాళ్ళలో టి-కణాల ఇంకో తెగ ప్లేట్‌లెట్లని ముట్టుకుని నేరుగా చంపుతుంది. ప్లేట్‌లెట్లని తయారుచేసే మూలుగలోని తల్లి కణాల మీదా దెబ్బ పడుతుంది. మేస్త్రి కణాలు లెక్కలో తగ్గి ఉంటాయి, ఉన్నవి కూడా గట్టిగా అదిలించలేవు. మందు పనిచేసిన రోగుల్లో మేస్త్రులు మళ్ళీ కోలుకోవడం చాలా పరిశోధనల్లో కనిపించింది. ప్లీహంలోని భక్షక కణం కూడా ఊరికే మింగి ఊరుకోదు. మింగినదాన్ని ముక్కలు చేసి, ఇదిగో చూడండని టి-కణాలకి చూపిస్తుంది. ఒక ఆనవాలుతో మొదలైన దాడి నాలుగు ఆనవాళ్ళకి పాకేది అందుకే. ఒక పిల్ల వరిని పీకి గట్టు మీద వేస్తే, పక్క పిల్లలు దాన్ని చూసి అదే కలుపనుకున్నట్టు.

మొదటి పొరపాటు ఎక్కడ పడుతుందో అన్నిసార్లూ తెలియదు కానీ కొన్నిసార్లు తెలిసింది. కడుపులో హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి ఉన్న ఐటీపీ రోగుల్లో కొందరికి ఆ సూక్ష్మజీవిని చంపితే చాలు ప్లేట్‌లెట్లు లేచాయి. ఊదని పీకడానికి వచ్చిన చేతులు వరి దాకా సాగాయన్నమాట. ఊద పోయాక చేతులు ఆగాయి.

బి-కణాలని గురిచూసి చంపే రిటుక్సిమాబ్ అనే మందు వచ్చినప్పుడు ఇక ఈ జబ్బుల పని అయిపోయినట్టే అనిపించింది. ఖరీదే అడ్డు. హైదరాబాద్‌లో డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో రెడిటక్స్ పేరుతో దాని తోబుట్టువుని తక్కువ ధరకి తెచ్చింది. అయినా మందు తీసుకున్నవాళ్ళలో చాలామందికి ఫలం నిలవలేదు. ఫ్రాన్స్ పరిశోధకులు 2013లో, ఆ మందు పనిచేయక తీసేసిన ప్లీహాలని పరీక్షించారు. బి-కణాలు లేవు, కానీ వాటి నుంచి పుట్టిన ప్లాస్మా కణాలు నిక్షేపంగా ఉన్నాయి. యాంటీబాడీలని కుమ్మరించేవి అవే. రిటుక్సిమాబ్ పట్టుకునే ఆనవాలు వాటి మీద ఉండదు. పైగా చుట్టుపక్కల బి-కణాలు ఖాళీ అవడం వల్లే అవి అక్కడ స్థిరపడి దీర్ఘాయువులయ్యాయని వాళ్ళ అంచనా. గడ్డి కోశాం, దుంప లోపలే ఉంది.

*

మూలుగలోని మూలకణాల మీదికే టి-కణాలు వెళ్ళే జబ్బు ఇంకొకటి ఉంది, అప్లాస్టిక్ ఎనీమియా. అక్కడ ఎర్రకణం, తెల్లకణం, ప్లేట్‌లెట్ అన్నీ ఒకేసారి ఎండిపోతాయి. టి-కణాలని అణిచే మందులిస్తే చాలామందిలో మూలుగ మళ్ళీ చిగురిస్తుంది. దాడి చేసింది ఎవరో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ఈ కణాలని అణచడానికి వాడే మందుల్లో ఒకటి మళ్ళీ మనల్ని పెర్ల్ రివర్‌కి తీసుకెళుతుంది.

ఏ కణమైనా రెండుగా చీలాలంటే కొత్త డీఎన్ఏ కావాలి, దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. ఫోలిక్ యాసిడ్‌లా కనిపిస్తూ పని చేయని నకిలీని ఇస్తే వేగంగా చీలే కణం మోసపోతుంది. సుబ్బారావు బృందం అటువంటి నకిలీలని తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ని రక్తక్యాన్సరుతో చనిపోతున్న 16 మంది పిల్లలకి ఇచ్చారు. 10 మందికి కొన్నాళ్ళు తెరిపి ఇచ్చింది. అంతకుముందు ఏ మందూ చేయలేని పని అది. ఆ ఫలితం 1948 జూన్‌లో అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు పోయారు. ఆయనకి అప్పటికి 53 ఏళ్ళు.

అమినోప్టెరిన్ కంటే నెమ్మదైన తోబుట్టువు మెథోట్రెక్సేట్. శత్రువుని చూసిన టి-కణం కూడా క్యాన్సరు కణంలాగే వేగంగా చీలగలదు. కాబట్టి అదే మందు తక్కువ మోతాదులో రోగనిరోధక కణాల మీదికి మళ్ళింది. ఎముక మూలుగ మార్పిడిలో, దాత కణాలు రోగి ఒంటి మీద తిరగబడకుండా దాన్ని ఇస్తారు. ఎల్‌జీఎల్ అనే జబ్బులో ఒక తెగ టి-కణాలు అదుపు లేకుండా పెరిగి, క్రిములతో పోరాడే తెల్లకణాలని కరువు చేస్తాయి. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో కీళ్ళవాతం తరచుగా కనబడుతుంది. అక్కడ వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ ఇవ్వడమే 1994 నుంచి మొదట ప్రయత్నించే వైద్యాల్లో ఒకటి.

ఇంత తక్కువ మోతాదు కణాలని చీలకుండా ఆపేంత బలమైనది కాదు కదా, మరి ఎలా పనిచేస్తోంది? పరిశోధకులు ఎక్కువగా ఒప్పుకునే వివరణ అడినోసిన్. మెథోట్రెక్సేట్ కణం లోపల ఒక రసాయన దారిని కట్టేస్తుంది. దాంతో కణం ఏటీపీని బయటికి వదులుతుంది, అది బయట విరిగి అడినోసిన్ అవుతుంది. దాడి మీద ఉన్న తెల్లకణాలకి అడినోసిన్ తగిలితే చల్లబడతాయి. 1929లో కండరంలోంచి సుబ్బారావు బయటికి తీసిన పదార్థమే, ఇరవై ఏళ్ళ తర్వాత ఆయన బృందం తయారుచేసిన మందు పనికి ఇరుసుగా ఉందన్నమాట. ఇది ఆయన బతికుండగా ఎవరికీ తెలియదు.

ఇదే మందుతో నడిచే కీళ్ళవాతపు చీటీలో ఇప్పుడు రెండు మాత్రలు పక్కపక్కనే ఉంటాయి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజు, ఫోలిక్ యాసిడ్ వేరే రోజుల్లో. ఒకటి కణాన్ని ఆకలితో ఉంచుతుంది, రెండోది మిగతా ఒంటికి అన్నం పెడుతుంది. ‘వారానికి ఒక్క రోజు’ అన్న ఆ మాట డాక్టరూ, మందుల షాపులో కుర్రవాడూ, ఇంట్లోవాళ్ళూ రోగికి నాలుగుసార్లు చెప్పాలి, చీటీ మీద ఏ రోజో తెలుగులో రాసి ఇవ్వాలి. పొరపాటున రోజూ వేసుకున్నవాళ్ళు ఆసుపత్రికి వస్తూనే ఉంటారు. వాళ్ళకి నోరు పూసి ఉంటుంది, నాలుక మీద ఉప్పు తగిలినా మంట. విరేచనాలు ఆగవు. రెప్ప కిందికి లాగి చూస్తే లోపల తెల్లగా ఉంటుంది. అప్పుడు సూదిలో ఎక్కించే విరుగుడు ఫోలినిక్ యాసిడ్, సుబ్బారావు బృందం కట్టిన అణువుకే దగ్గరి చుట్టం.